కుట్టుగదిలో టింగ్‌టాంగ్

కొండ మీద, యాంటెన్నాల పక్క క్వార్టర్సు

వదినకు నమస్కారాలు,

పార్సిలు అన్నయ్య కంటపడకుండా విప్పావనే అనుకుంటున్నాను. అందులో అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉన్న పచ్చటి బిళ్ల కంప్యూటరే. మూత లేదు, తెర లేదు, పేగులన్నీ బయటికే కనిపిస్తాయి. అయినా సరే, కంప్యూటరే. దాన్ని నువ్వు కుట్టుగదిలో డిజైన్లు చూసుకునే పాత తెరకు తగిలించాలి. కీబోర్డు, చిన్న స్పీకరు, చార్జరు కూడా పెట్టాను.

ఇదంతా ఎందుకంటావా? అన్నయ్య గొంతు ఆపరేషన్‌తో మాట పోయిన వారానికి నేను తెచ్చిన మాట్లాడే ట్యాబు గతి ఏమైందో నువ్వూ చూశావు. అన్నయ్య పాపం 'మంచినీళ్లు' అని టైపు చేస్తే ఎవరో ఆడపిల్ల గొంతు మంచినీళ్లు అడిగింది. దాన్ని బోర్లించి లోపలికి వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లు బస్టాండు మొత్తాన్ని మైకు ముందు కూర్చుని నడిపించిన మనిషి అద్దె గొంతుతో మాట్లాడతాడా? నాకే బుద్ధి లేకపోయింది.

అందుకే ఈసారి ఆయన గొంతే తెచ్చాను. బిస్కెట్ల డబ్బాలో దాచుకున్న అనౌన్స్‌మెంటు క్యాసెట్లు శుభ్రం చేసి ఇస్తానని పట్టుకొచ్చాను కదా, సాయంత్రాలు కూర్చుని వాటిని ముక్కలు ముక్కలుగా కత్తిరించాను. ఆ ముక్కలన్నీ గోరంత కార్డులో ఉన్నాయి. ఇక కావలసింది, మనం టైపు చేసిన మాటకు సరిపోయే ముక్కల్ని ఏరి వరసగా పలికే ప్రోగ్రాము. దాన్ని నెట్ నుంచి దించి బిళ్లలోకి ఎక్కించాలి. ఆ పని నీది.

ఫోను చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఇక్కడి యాంటెన్నాలు ఎక్కడో ఉన్న నక్షత్రాల గుసగుసలు వింటాయి. కింద ఒక్క సెల్‌ఫోను ఆన్ చేస్తే వాటి చెవులకు చిల్లులు పడతాయి. అందుకని గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు. ఆఫీసు నెట్‌లో సొంత కబుర్లు నడపనివ్వరు. సరుకుల జీపులో వచ్చే టపా ఒక్కటే దారి. కాబట్టి తెర మీద ఏం కనిపించినా అక్షరం పొల్లు పోకుండా రాయి. నేనిచ్చిన చార్జరే వాడు. కార్డు బిళ్ల అడుగున ఉన్న గాడిలో పెట్టు, మెరిసే వైపు బిళ్లకు ఆనాలి.

సరిగ్గా లేస్తే టింగ్‌టాంగ్ అని మోగుతుంది. అన్నయ్య అనౌన్స్‌మెంటుకు ముందు మోగే గంటే అది. ముచ్చటపడి క్యాసెట్లోంచి తీసి పెట్టాను.

నీ ఆడపడుచు,
బుల్లి


కుట్టుగది

బుల్లికి దీవెనలు.

ఉభయకుశలోపరి. అంటే మనుషుల మాట. పెట్టె సంగతి వేరు.

నువ్వు బిళ్ల అన్నావు, నేను పెట్టె అంటున్నాను. మూతలేనిది బయట ఉంటే దుమ్ము పడుతుందని బొత్తాల పెట్టె ఖాళీ చేసి అందులో పెట్టాను. తెరకు తగిలించి కరెంటిచ్చాను. ఎర్రలైటు వెలిగింది. తెర మీద ఏడురంగుల చదరం వచ్చింది. కన్ను మూసి తెరిచేలోగా మూల పసుపు రంగు మెరుపు బొమ్మ. ఆ తర్వాత చీకటి. మళ్లీ రంగులు, మళ్లీ మెరుపు, మళ్లీ చీకటి. గంటా లేదు, గింటా లేదు. మెరుపు చూసి నేను ప్లగ్గు పీకేసి కాసేపు దూరంగా నిలబడ్డాను.

మీ అన్నయ్యకు అనుమానం రాలేదులే. ఎంబ్రాయిడరీ మిషనుకు డిజైన్లు పంపే పెట్టె, మీ చెల్లెలు పంపింది అన్నాను. తల ఊపారు. ఈ మధ్య ఆయన భాషంతా తల ఊపడమే. పలక, బలపం తెచ్చి చేతికిచ్చాను గదా, నాలుగు నెలల్లో దాని మీద రాసింది ఒకటే మాట, 'వద్దు' అని. కూరలో ఉప్పు చాలిందా అంటే వద్దు. డాక్టరు దగ్గరికి పోదామా అంటే వద్దు. పక్కింటాయన పలకరించడానికొస్తే పలక ఎత్తి చూపిస్తారు, వద్దు. ఆ మాట చెరిపి మళ్లీ రాసే శ్రమ కూడా పెట్టుకోరు, అట్టే ఉంచుతారు.

చార్జరు నువ్విచ్చిందే వాడుతున్నాను. నా ఫోనుకు. చాలా తొందరగా ఎక్కుతోంది, చల్లగా ఉండు. పెట్టెకు నా పాత ఫోను చార్జరు పెట్టాను. అదీ చార్జరే కదా, దూరిందిగా.

ఒక మాట రాయాలా వద్దా అనుకుంటూ రాస్తున్నాను. మొన్న జాకెట్టు కొలతలకు వచ్చిన ఆవిడ, మీ ఆయన గొంతు లేక బస్టాండు బోసిపోయిందండీ అంది. ఆవిడ వెళ్లాక సూదిలో దారం ఎక్కిస్తూ ఆ గొంతు ఒక్కసారి గుర్తు తెచ్చుకుందామని చూశాను. మాటలు గుర్తొచ్చాయి గానీ గొంతు రాలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కాస్త నోరు మూసుకుంటారా అని విసుక్కున్నదాన్ని. ఇప్పుడు భయమేస్తోంది బుల్లీ. వినకపోతే మరిచిపోతామా?

మీ వదిన


కొండ మీద

వదినా,

మెరుపు బొమ్మ అంటే పిడుగు కాదు, ఆకలి. నీ పాత చార్జరు గ్లాసుతో పోస్తోంది, ఇది బిందె అడుగుతోంది. లేవబోయి నీరసమొచ్చి పడిపోతోంది. నీ ఫోను మీద నాకు కోపం లేదు గానీ నా చార్జరు నా బిళ్లకు ఇచ్చెయ్. దూరిన ప్రతిదీ సరిపోయినట్టయితే నువ్వు కొలతలు ఎందుకు తీస్తున్నావు?

లేచాక చేయాల్సింది విను. నీ ఫోనులో రాత్రి ఎనిమిది దాటితే నెట్ ఉచితం అన్నావు కదా. ఎనిమిదికి ఫోను బిళ్ల పక్కన పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చెయ్యి. ఈ ఉత్తరంతో విడి కాగితం జతచేశాను. అందులో ఉన్న ఇంగ్లీషు వరస అచ్చంగా అలాగే కొట్టు. ఒక్క ఖాళీ తప్పినా వినదు, అందుకని ఖాళీ వదలాల్సిన చోటల్లా ఎర్రచుక్క పెట్టాను. కొట్టాక ఎంటర్ నొక్కి వంటింట్లోకి వెళ్లిపో. దానికి తెల్లవార్లూ పడుతుంది. ప్రోగ్రాము దించుకోవాలి, ఆ తర్వాత నేను కత్తిరించిన వందల ముక్కల్నీ ఒక్కొక్కటే విని ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. చిన్న బుర్ర, నిదానంగా చదువుతుంది. మధ్యలో మాత్రం కదిలించకూడదు.

నువ్వు అడిగినదానికి జవాబు, మరిచిపోము. నాకు పొద్దస్తమానం చెవిలో అన్నయ్య 'మూడవ నంబరు ప్లాట్‌ఫారం' అంటూనే ఉన్నాడు. మొన్న క్యాంటీన్లో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడి 'దయచేసి వరుస క్రమం పాటించండి' అని పైకే అనేశాను. ఆ ముక్కలు ఎలా వినాలో నీకు ఇప్పుడే చెప్పగలను, చెప్పను. మొదటిసారి ఆయనే వినిపించాలి.

బుల్లి


కుట్టుగది

బుల్లీ,

ముందు శుభవార్త. పెట్టె లేచింది. నా ఫోను మాత్రం నత్తలా తింటోంది, ఆ పాపం నీదే.

టింగ్‌టాంగ్ మోగింది. ఆయన పక్కగదిలోనే పేపరు చదువుతున్నారు. తలుపు సందులోంచి చూశాను, తల ఎత్తలేదు. అయినా ఎందుకొచ్చిన గొడవని స్పీకరుకు ఉన్నిగుడ్డ నాలుగు చుట్లు చుట్టి టాకాలు వేశాను. ఇప్పుడు దగ్గితే దానికే వినపడదు.

రాత్రి ఎనిమిదికి నీ వరస కొట్టాను. 'కమాండ్ నాట్ ఫౌండ్' అంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. నువ్వు పెట్టిన ఎర్రచుక్కలు కూడా శ్రద్ధగా కొట్టానమ్మా, ఒక్కటి వదల్లేదు. చుక్కంటే ఖాళీ అని నాకు ఉత్తరంలో రాశావని, ఉత్తరం వంటింట్లో ఉండిపోయిందని తర్వాత తెలిసింది. చుక్కలు తీసేసి కొడితే తెర నిండా అక్షరాలు కురవడం మొదలుపెట్టాయి. అంత చదువు ఒక్కసారే చూసి కళ్లు తిరిగి, తెర ఆర్పి, పెట్టె మీద గుడ్డ కప్పి వంటింట్లోకి పోయాను.

పొద్దున్న కొట్టు తెరిచాక తెర వెలిగిస్తే వాన వెలిసింది. ఏమీ లేదు. మళ్లీ అదే వరస కొడితే 'డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్' అంది, పని మధ్యలో ఆగిందట. మర్నాడు రాత్రి మళ్లీ పెట్టాను. పొద్దున్న మళ్లీ అదే. మూడోరోజు ఇంకోటి, 'రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్ యెట్'. నాకొచ్చిన ఇంగ్లీషులో దీనర్థం, ఇంకా టైము కాలేదు అని. ఎప్పటికవుతుందట?

ఇంకో విచిత్రం. నీ పెట్టె మహా బద్ధకస్తురాలు. పొద్దున్న తొమ్మిదింటికి నేను గుడ్డ తీసి చూస్తే దాని గడియారంలో ఇంకా రాత్రి ఎనిమిదిన్నరే. రోజూ ఇంతే. ఫోను తగిలించాక గబగబా సర్దుకుంటుంది. మీ వంశంలో అందరూ కోడికంటే ముందు లేస్తారు, ఇదెవరి పోలికో తెలియడం లేదు.

నిన్నటినుంచి వరస కొడితే వరస కూడా తీసుకోవడం లేదు. తెరంతా ఎర్ర అక్షరాలు. కాగితం మీద ఎక్కించాను, జతచేశాను, చూసుకో.

మీ వదిన


కొండ మీద

వదినా,

నీ కాగితం చూశాను. కార్డు పాడైంది. రాసుకుంటూ ఉండగా మధ్యలో ప్రాణం పోయినప్పుడు ఇలా అవుతుంది. కార్డు నాసిరకం అయ్యుంటుందని కొత్తది తయారుచేసి ఈ ఉత్తరం అడుగున టేపుతో అంటించాను. చింపేటప్పుడు జాగ్రత్త.

ఇక్కడిదాకా రాసి టీకి వెళ్లాను. కప్పు పట్టుకుని నిలబడ్డానో లేదో నీ బద్ధకస్తురాలు గుర్తొచ్చింది. ఆ బిళ్లలో గడియారానికి సొంత బ్యాటరీ ఉండదు వదినా. కరెంటు పోతే కాలం కూడా అక్కడే ఆగిపోతుంది. మళ్లీ కరెంటు వచ్చాక, ఆగిన చోటినుంచే మొదలుపెడుతుంది, నెట్ తగిలి ఎవరో సరైన టైము చెప్పేదాకా. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నర చూపిస్తోందంటే రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి దాని ఊపిరి ఎవరో తీస్తున్నారన్నమాట.

ఎనిమిదిన్నరకి మన ఇంట్లో ఏమవుతుంది?

టీ ఒలికింది. పక్కనున్నవాళ్లు ఏమిటని అడిగినా చెప్పలేక నవ్వుతూనే ఉన్నాను. అమ్మ మెయిను స్విచ్చి. ఎవరిదో కోటు మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయి కాల్చినప్పటినుంచి, ముందుగదుల మెయిను దించకుండా అమ్మ కొట్టు కట్టేది కాదు. అమ్మ పోయాక ఆ పని అన్నయ్య చేతికొచ్చింది. ఎనిమిదిన్నరకి టక్. ఆ చప్పుడు విని పుస్తకం మూసి అన్నానికి లేచేదాన్ని. దీపం కిందే చీకటి అంటే ఇదే. ఆకాశంలో గుసగుసలు వినే ఉద్యోగం చేస్తూ పుట్టింటి టక్ మరిచిపోయాను. నువ్వు మాత్రం ఏం చెబుతావు, తలుపు గడియ పెట్టామని ఎవరైనా ఉత్తరంలో రాస్తారా?

నువ్వు ఎనిమిదికి పెట్టి వంటింట్లోకి వెళ్తున్నావు, అరగంటకు అన్నయ్య వచ్చి టక్ అనిపిస్తున్నాడు, పొద్దున్న షట్టరు ఎత్తుతూ మళ్లీ మెయిను ఎత్తుతున్నాడు. పాపం బిళ్ల తప్పేం లేదు. ఇన్నాళ్లూ దాన్ని తిట్టినందుకు ఇద్దరం క్షమాపణ చెప్పుకోవాలి.

ఇక చేయాల్సింది ఒకటే. ఒక్క రాత్రి మెయిను దించొద్దని అన్నయ్యకు చెప్పు. ఎందుకో కూడా చెప్పెయ్. దాచింది చాలు.

బుల్లి


కుట్టుగది

బుల్లీ,

చెప్పను.

కోప్పడకు, విను. ఎందుకని అడిగితే పెట్టె గురించి చెప్పాలి. చెబితే పలక ఎత్తి చూపిస్తారు. మీ ఇంట్లోవాళ్లు ఒకసారి వద్దంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వద్దే. పూర్తయ్యాక వినిపిస్తే, తన గొంతు తన చెవిన పడితే అప్పుడైనా మనసు మారుతుందని నా ఆశ. సగంలో చెబితే ఆ ఆశ కూడా పోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. బస్టాండు పోయింది, మాట పోయింది. ఆ మెయిను దించడం ఒక్కటే ఆయన రోజూ టైముకు చేస్తున్న పని. ఎనిమిదీ ఇరవై ఐదుకే లేచి చొక్కా సర్దుకుంటారు తెలుసా, డ్యూటీకి వెళ్తున్నట్టు. అది కూడా మానెయ్యండి అని నా నోటితో ఎలా అనను?

చెప్పకుండా చేయగలిగింది చేశాను. మొన్న బడి యూనిఫారాల పని ముంచుకొచ్చిందని ఎనిమిదిన్నర తర్వాత కూడా మిషను దగ్గరే కూర్చున్నాను. నీ కొత్త కార్డుతో అక్షరాలు కురుస్తున్నాయి. ఆయన వచ్చి మెయిను దగ్గర నిలబడి చూశారు. పనుంది, మీరు పడుకోండి, నేను దించుతాలెండి అన్నాను. తల ఊపి వెళ్లారు. నేను పెద్ద గెలిచినట్టు నిక్కర్లకు అంచులు కుడుతూ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. లేచేసరికి చిమ్మచీకటి, భుజాల మీద దుప్పటి, మెయిను కిందకి. దుప్పటి కప్పిన చేత్తోనే దించిపోయారు. తిట్టనా, దణ్ణం పెట్టనా?

ఆ పైరోజు, పెట్టెను వంటింట్లోకి మారుద్దామంటే తెర గోడకు బిగించి ఉందని, పక్కింటి వాళ్లనడిగి పవర్‌బ్యాంకు తెచ్చి పెట్టాను. మెరుపు బొమ్మ. అదీ గ్లాసు చార్జరే.

కార్డు ఇంకా బతికుందో లేదో తెలియదు. గుడ్డ కప్పేశాను. నాకు చేతకావడం లేదు బుల్లీ. ఊడిన కుట్టు మళ్లీ వేయడం నాకు అలవాటే గానీ, రోజూ రాత్రి ఊడుతుంటే రోజూ పొద్దున్న వేసే ఓపిక ఎన్నాళ్లు? ఇది కూడా పోతే ఇక వదిలేద్దాం. తల ఊపుకుంటూనే బతుకుతాం. బతకడం లేదా ఏం.

మీ వదిన


కొండ మీద

వదినా,

వదిలేద్దాం అనకు. మా పని ఎలా ఉంటుందో ఎప్పుడూ చెప్పలేదు. యాంటెన్నాను ఒక వైపు తిప్పి కూర్చుంటాం. వారాల తరబడి ఉత్త గరగర. ఏమీ లేదని పక్కకు తిప్పేస్తే ఆ మర్నాడే పలికి ఉండేదేమో ఎవరికి తెలుసు? అందుకని తిప్పం. నువ్వూ తిప్పకు. కార్డు ఇంకా లేస్తుంటే వరస కొట్టే ముందు, ఈ కాగితంలో ఉన్న చిన్న వరస ఒక్కటి కొట్టు. ఆగినచోటినుంచి అందుకోమని చెప్పే మాట అది. చుక్కలు పెట్టలేదు, ఈసారి ఖాళీలే వదిలాను.

వచ్చే నెల సెలవు ఖాయమైంది. అప్పటికీ కాకపోతే నేనే వచ్చి మెయిను దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

ఒక సంగతి దాచాను, ఇప్పుడు చెప్పేస్తాను. ఆ క్యాసెట్లలో ఇంటి మాట ఒక్కటి లేదు. ప్లాట్‌ఫారాలు, బస్సులు, సామాన్లు, విజ్ఞప్తులు, అంతే. అన్నం లేదు, నీళ్లు లేవు, నీ పేరు లేదు, నా పేరు లేదు. రెండు వైపులా తిప్పి తిప్పి విన్నాను, ఎక్కడైనా మైకు ఆపడం మరిచిపోయి నిన్ను పిలిచి ఉంటాడేమోనని. లేదు. ఎంత నిక్కచ్చి మనిషో. లేని మాట టైపు చేస్తే పెట్టె ఆ అద్దె గొంతుతోనే పలుకుతుంది. ఇది ముందే చెబితే నువ్వు మొదలే పెట్టవేమోనని చెప్పలేదు. ఇప్పుడు నీ గొంతు భయం చదివాక, నీకు పెద్ద ఆశ పెట్టి చిన్నది ఇస్తున్నానేమోనని నాకూ భయంగానే ఉంది.

బుల్లి


కుట్టుగది

చిరంజీవి బుల్లికి, మీ వదిన దీవించి రాయునది,

ముందు ఈ పెట్టె నోరు మూయించే వరస ఏదైనా ఉంటే వెంటనే రాసి పంపు.

నేను సంచి పట్టుకుని బజారుకు బయలుదేరితే 'మీ సామాన్లను జాగ్రత్తగా చూసుకోండి'. జాకెట్టు ఇంకా కాలేదా అని ఎవరైనా కుర్చీలో కూర్చుంటే 'మరికొద్ది సేపట్లో బయలుదేరును'. కొలతల దగ్గర ఇద్దరు తగువు పడితే 'దయచేసి వరుస క్రమం పాటించండి'. నిన్న పాత డ్రైవరొకాయన దారిన పోతూ ఈ గొంతు విని, బస్సు ఆపినట్టు ఆగిపోయి లోపలికొచ్చి కూర్చున్నాడు. సాయంత్రం దాకా కదల్లేదు. ఇద్దరూ కలిసి నా టీ పొడి డబ్బా అయిపోగొట్టారు. ఎనిమిదిన్నరకి ఇప్పటికీ ఆయనే మెయిను దించుతున్నారు. కాకపోతే ముందు పెట్టె చేత 'ఇదే చివరి బస్సు' అనిపించి, నువ్వు కాగితం అడుగున రాసిన పద్ధతిలో దాన్ని నిద్రపుచ్చి, అప్పుడు టక్.

ఎలా జరిగిందో రాస్తాను, అక్షరం పొల్లు పోకుండా.

నీ ఉత్తరం అందిన రోజు రాత్రి ఎనిమిదికి చిన్న వరస కొట్టాను, పెద్ద వరస కొట్టాను. అక్షరాలు కురిశాయి. ఎనిమిదిన్నరకి ఆగిపోతాయని తెలిసే కొట్టాను. నువ్వు తిప్పొద్దన్నావు కాబట్టి తిప్పలేదు, అంతే. వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ టక్ కోసం వినకూడదని నీళ్లు గట్టిగా వదిలాను.

తెల్లారుతుండగా గుండీల దారం కావలసి, ఆయనకంటే ముందు నేనే కుట్టుగదిలోకి వెళ్లాను. దారం ఉండ పెట్టిన చోట లేదు. వెతుకుతుంటే గుడ్డ కింద పచ్చటి లైటు మిణుకుమంటోంది. మెయిను ఎత్తందే అది వెలగదు కదా. తెర ఆన్ చేశాను. గడియారం సరైన టైము చూపిస్తోంది. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు. అడుగున 'డన్' అని ఉంది.

మెయిను వైపు చూశాను. పిడి పైకే ఉంది. దాని చుట్టూ నా ఎర్రదారం పది చుట్లు చుట్టి, గోడకున్న మేకుకు లాగి ముడేసి ఉంది.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. ఆయన పలక పట్టుకుని నిలబడ్డారు. నాలుగు నెలల 'వద్దు' లేదు. 'ఇరవై ఏళ్లు ఆ గంట కొట్టింది నేను. ఉన్నిలో చుట్టినా తెలుస్తుంది' అని ఉంది. రోజూ పొద్దున్న మెయిను ఎత్తగానే అది మోగేదట. నేను వంటింట్లోంచి వచ్చేలోపు ఆయన ఒక్కరే నిలబడి వినేవారట. మొదటి రోజునుంచీ తెలుసు బుల్లీ. మనమిద్దరం ఏదో గూఢచారుల్లా టపా నడుపుకుంటున్నాం.

తెలిసి ఎందుకు దించారండీ అన్నాను. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. చెరిపి రాశారు. 'మొదట అలవాటు. తర్వాత భయం.' దేనికి భయం అన్నాను. 'ఆ గొంతు నాకంటే బాగుంటుంది' అని రాశారు. మరి ఇప్పుడు ఎందుకు వదిలారు అంటే, 'నువ్వు మిషను మీద తల పెట్టి నిద్రపోయావు' అని రాశారు. ఆ రోజు కూడా దించారుగా అన్నాను. దారం వైపు చూపించి, 'చెయ్యి వినదు. అందుకే కట్టేశాను' అని రాశారు.

కుర్చీ జరిపి కీబోర్డు ముందు కూర్చున్నారు. నువ్వు దాచి చెప్పిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఒంటివేలితో ఏదో కొట్టారు. అద్దె ఆడపిల్ల 'అన్నం' అంది. నా ప్రాణం పోయింది. ట్యాబు బోర్లించినట్టు దీన్నీ బోర్లిస్తారనుకున్నాను. ముఖం చిట్లించారు. ఆ తర్వాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నారు. చప్పుడు లేదు గానీ అది ఆయన నవ్వే, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఇంకో మాట కొట్టారు, మళ్లీ ఆడపిల్లే. అప్పుడు అర్థమైనట్టు తల ఊపి, చేతులు ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. తన దగ్గర ఏయే మాటలున్నాయో లెక్క చూసుకుంటున్నారని తర్వాత తెలిసింది. ఇరవై ఏళ్ల మాటలు ఆయనకు కంఠతా వచ్చు కదా.

మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. ఒక్కో అక్షరం వెతికి కొడుతుంటే నేను ఊరికే ఉండలేక స్పీకరుకు వేసిన టాకాలు కత్తెరతో విప్పుతూ కూర్చున్నాను. ఆఖరి చుట్టు విప్పుతుండగా ఎంటర్ నొక్కారు.

టింగ్‌టాంగ్.

'ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆలస్యానికి చింతిస్తున్నాము.'

నా ఒళ్లోనే మోగింది బుల్లీ. అదే గొంతు, కొసన కాస్త బరువుగా దించే ఆ గొంతు. మరిచిపోలేదు, మొదటి అక్షరానికే గుర్తుపట్టాను. ఆయన నా వైపు తిరిగి, పెట్టె కాదు తనే అన్నట్టు, నా జవాబు కోసం చూస్తున్నారు.

'పరవాలేదండీ, నేను ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను' అన్నాను.

మీ వదిన